ఒక్క గంట గడువు
(విభజన నాటి మనుషులు – 9వ భాగం)

కిందటి భాగం 1946 ఆగస్టులో, శవాలు ఎత్తే దిక్కులేని కలకత్తా వీధుల్లో ఆగింది. ఆ తర్వాత రెండు నెలలకు, అదే ఊళ్ళో, బెంగాల్ ప్రధాని సుహ్రావర్దీ తన మంత్రివర్గంలోని ఒక సహచరుడికి కబురందించారు. (రాష్ట్రాల ముఖ్యమంత్రుల్ని అప్పట్లో ప్రధానులనే పిలిచేవారు.) ఢిల్లీలో నెహ్రూ నాయకత్వాన నడుస్తున్న తాత్కాలిక ప్రభుత్వంలో చేరడానికి ముస్లిం లీగ్ ఎట్టకేలకు ఒప్పుకుంది. లీగ్ వంతుకు అయిదు స్థానాలు వచ్చాయి. లియాఖత్ అలీఖాన్, చుంద్రీగర్, అబ్దుర్ రబ్ నిష్తార్, గజన్‌ఫర్ అలీఖాన్ – ఈ నలుగురూ లీగ్ నాయకులే. అయిదో స్థానానికి జిన్నా ఒక హిందువును, అందులోనూ అంటరాని కులంలో పుట్టినవాణ్ణి ఎంచుకున్నారు. ఔనో కాదో చెప్పడానికి ఆ మనిషికి దొరికిన గడువు ఒక్క గంట.

ఆయన పేరు జోగేంద్రనాథ్ మండల్. అప్పటికి వయసు నలభై రెండు. బారిసాల్ జిల్లావాళ్ళకు జోగేన్ బాబు. చాలా తటపటాయించానని నాలుగేళ్ళ తర్వాత ఆయనే రాసుకున్నారు. చివరికి ఒకే షరతు మీద ఒప్పుకున్నారు: నా నాయకుడు డాక్టర్ అంబేడ్కర్ వద్దంటే రాజీనామా చేసి వచ్చేస్తాను, అందుకు మీరు అడ్డు చెప్పకూడదు. అంబేడ్కర్ ఆ రోజుల్లో లండన్‌లో ఉన్నారు. సరేనంటూ అక్కణ్ణుంచి తంతి వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ తంతి పంపినాయన భారతదేశానికి తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. అందుకున్నాయన పాకిస్తాన్‌కు తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఇద్దరూ ఒకే పార్టీవాళ్ళు, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మనుషులు. మొదటాయన విగ్రహం లేని ఊరు మన దగ్గర అరుదు. రెండో ఆయన పేరు విన్నవాళ్ళు అంతకంటే అరుదు. విన్న కొద్దిమందీ ఆయన్ని ద్రోహి అనో అమాయకుడనో ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ రెండు మాటలూ ఆయనకు సరిపోవని నా నమ్మకం. ఆయన ఒక లెక్క వేశారు. ఆ లెక్క ఏమిటో, అది ఎక్కడ తప్పిందో చూద్దాం.

బారిసాల్ నీళ్ళ జిల్లా. గంగా, బ్రహ్మపుత్రల నీళ్ళు సముద్రంలో కలవబోతూ వేయి పాయలుగా చీలే చోటు. వానాకాలం వస్తే పొలానికీ ఏటికీ తేడా ఉండదు. బడికైనా, సంతకైనా, శ్మశానానికైనా పడవ మీదే పోవాలి. ఆ చిత్తడి నేలల్ని అక్కడ ‘బిల్’ అంటారు. తరతరాలుగా ఆ బురదలో దిగి, గట్లు కట్టి, నీళ్ళు మళ్ళించి, వరి పండే భూమిగా మార్చినవాళ్ళు నమశూద్రులు. చేపలు పట్టడం, పడవ నడపడం, కౌలుకు దున్నడం వాళ్ళ బతుకు. సర్కారు కాగితాల్లో వాళ్ళను చండాలురని రాసేవారు. ఆ పేరు తుడిపించి 1911 జనాభా లెక్కల నాటికి నమశూద్రులని రాయించుకోవడానికి వాళ్ళు దశాబ్దాలు కొట్లాడారు. పక్కనున్న ఫరీద్‌పూర్ జిల్లా ఒరాకాందీలో హరిచాంద్ ఠాకూర్ మొదలుపెట్టిన మతువా భక్తి మార్గం వాళ్ళకు తలెత్తుకునే ధైర్యం ఇచ్చింది. ఆయన కొడుకు గురుచాంద్ బడులు పెట్టించారు.

ఆ నీళ్ళ మధ్య, మైస్తర్‌కాందీ అనే ఊళ్ళో 1904 జనవరి 29న జోగేంద్రనాథ్ పుట్టారు. బారిసాల్‌లోని బ్రజమోహన్ కాలేజీలో డిగ్రీ, కలకత్తాలో 1934లో లా. మళ్ళీ ఊరికొచ్చి ప్లీడరు పని. 1937లో బెంగాల్ శాసనసభకు ఎన్నికలు వచ్చినప్పుడు తన కులానికి కేటాయించిన స్థానం కాకుండా జనరల్ స్థానంలో స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి జిల్లా కాంగ్రెస్ పెద్ద సరళ్ కుమార్ దత్తా. స్వదేశీ ఉద్యమంలో బారిసాల్‌ను ఊపేసిన అశ్వినీకుమార్ దత్తాకు ఆయన స్వయానా బంధువు. బ్రజమోహన్ కాలేజీ స్థాపించింది కూడా ఆ అశ్వినీకుమారే. ఆ కాలేజీలో చదువుకున్న నమశూద్ర కుర్రాడు ఆ ఇంటి మనిషినే ఓడించి శాసనసభకు వెళ్ళాడు. బారిసాల్ గట్ల మీద ఆ కబురు ఎంత వేగంగా పాకి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మొదట్లో ఆయన మొగ్గు బోస్ సోదరుల వైపు. సుభాష్‌ను కాంగ్రెస్ దూరం పెట్టాక ఆయనకూ కాంగ్రెస్ మీద ఆశ పోయింది. ఆ తర్వాత లీగ్ వైపు చూపు తిరిగింది. ఆ మళ్ళింపుకు ఆయన చెప్పుకున్న కారణం చాలా సాదా. బెంగాల్‌లో ముస్లిం రైతుకూ షెడ్యూల్డ్ కులాల రైతుకూ కష్టం ఒక్కటే. ఇద్దరూ దున్నేవాళ్ళు, ఇద్దరూ చేపలు పట్టేవాళ్ళు, ఇద్దరికీ చదువు లేదు. ఇద్దరి మీదా పెత్తనం చేసే జమీందారు, వడ్డీ వ్యాపారి, ప్లీడరు, గుమాస్తా ఎక్కువగా అగ్రవర్ణ హిందువులే. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి నడిస్తే తప్పేమిటి? పొలం గట్టు మీద నిలబడి చూసినవాడికి ఈ వాదన కొట్టిపారేయదగ్గది కాదు.

దీనికి శాసనసభ లెక్క తోడైంది. బెంగాల్ శాసనసభలో మొత్తం 250 స్థానాలు. ప్రభుత్వం నిలబడాలంటే 126 మంది కావాలి. ముస్లిం నియోజకవర్గాలు 119. ఆ స్థానాలన్నీ గెలిచినా లీగ్‌కు సొంతంగా ప్రభుత్వం కుదరదు. షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినవి 30. అంటే ఆ సభలో ఎవరు గద్దెనెక్కాలన్నా ఈ ముప్పై మందిలో కొందరి చెయ్యి అవసరం. తన జాతి చేతికి చరిత్రలో మొట్టమొదటిసారి ఒక తూకపు రాయి దొరికిందని మండల్ గ్రహించారు. దాన్ని వాడారు కూడా. 1943 మార్చిలో ఫజ్లుల్ హక్ మంత్రివర్గం పడిపోయాక లీగ్ నాయకుడు ఖ్వాజా నజీముద్దీన్ మండల్ మద్దతు అడిగారు. మండల్ మూడు షరతులు పెట్టారు: మంత్రివర్గంలో షెడ్యూల్డ్ కులాలవారు ముగ్గురుండాలి, వాళ్ళ చదువుకు ఏటా అయిదు లక్షల రూపాయలు కేటాయించాలి, ఉద్యోగ నియామకాల్లో వాటా నిబంధనలు తుచ తప్పకుండా అమలుచేయాలి. నజీముద్దీన్ ఒప్పుకున్నారు. సహకార పరపతి, గ్రామీణ రుణాల శాఖ మండల్‌కు దక్కింది.

ఆ ఏడే బెంగాల్ కరువు. లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన ఏడు. భూమిలేని కూలీలూ, జాలర్లూ, పడవవాళ్ళూ ముందుగా రాలిపోయారు. అంటే మండల్ మనుషులే. శత్రువుకు చిక్కకూడదని తూర్పు బెంగాల్ తీరంలో పడవల్ని సర్కారు అంతకు ముందే లాగేసుకుంది. పడవే కాలూ చెయ్యీ అయిన చోట పడవ తీసేయడమంటే ఏమిటో బారిసాల్‌లో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కరువు కాలపు ప్రభుత్వంలో ఆయన మంత్రిగా కొనసాగారు. ఏటా అయిదు లక్షల చదువు డబ్బును ఈ నేపథ్యంలో తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆ సంవత్సరమే ఆయన అంబేడ్కర్ ఫెడరేషన్‌కు బెంగాల్ శాఖ పెట్టారు. 1946 ఎన్నికల్లో కాంగ్రెస్ ప్రభంజనానికి ఫెడరేషన్ దేశమంతటా కొట్టుకుపోయింది. బెంగాల్‌లో ఆ పార్టీ తరఫున గెలిచింది మండల్ ఒక్కరే. ఆ ఒక్కరే తర్వాత చేసిన పనికి ఈ దేశం ఆయనకు రుణపడి ఉంది. ఆ జులైలో రాజ్యాంగ సభకు సభ్యుల్ని రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకోవాల్సి వచ్చింది. అంబేడ్కర్‌ను సొంత రాష్ట్రం బొంబాయి నుంచి పంపడానికి అక్కడి సభలో ఆయనకు బలం లేదు. మండల్ బెంగాల్‌కు రమ్మన్నారు. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన షెడ్యూల్డ్ కులాల సభ్యుల ఇళ్ళకు తిరిగి, ఒక్కొక్కరినీ ఒప్పించి ఓట్లు కూడగట్టారు. అంబేడ్కర్ గెలిచారు. విభజనతో బెంగాల్ స్థానం పోయేనాటికి రాజ్యాంగ సభలో ఆయన విలువ ఏమిటో కాంగ్రెస్‌కు తెలిసింది. 1947 జులైలో జయకర్ ఖాళీచేసిన బొంబాయి స్థానం నుంచి వాళ్ళే ఆయన్ని తిరిగి తెచ్చుకున్నారు. కానీ ఆ తలుపు మొదట తెరిచింది బారిసాల్ ప్లీడరు.

ఇక 1946 ఆగస్టు 16కు వద్దాం. కలకత్తా మారణకాండ నాటికి మండల్ సుహ్రావర్దీ మంత్రివర్గంలో న్యాయ, నిర్మాణ శాఖలు చూస్తున్నారు. నాలుగు రోజుల్లో వేలమంది చచ్చిపోయారు. అక్టోబరులో నవాఖలీ మండింది. అక్కడ దాడులకు గురైనవాళ్ళలో షెడ్యూల్డ్ కులాలవాళ్ళూ ఉన్నారు. హిందువులంతా మండల్‌ను రాజీనామా చెయ్యమన్నారు. ఆయన చెయ్యలేదు. ప్రతీకారానికి దిగొద్దని తన వాళ్ళ మధ్య తిరుగుతూ చెప్పారు. ఆ సెప్టెంబరులో వచ్చిన అవిశ్వాస తీర్మానాల నుంచి సుహ్రావర్దీ ప్రభుత్వాన్ని గట్టెక్కించింది నలుగురు ఆంగ్లో ఇండియన్లూ, అప్పటిదాకా కాంగ్రెస్‌లో ఉన్న నలుగురు షెడ్యూల్డ్ కులాల సభ్యులూనని ఆయనే తర్వాత రాశారు. ఆయన జీవితంలో నేను ఒప్పుకోలేని ఘట్టం ఇదే. శాంతిభద్రతలు చూడాల్సిన ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చున్న రోజుల్లో ఆ ప్రభుత్వాన్ని తన తూకపు రాయితో నిలబెట్టడం పెద్ద తప్పు. ముస్లింలూ షెడ్యూల్డ్ కులాలవాళ్ళూ ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తితే, పొట్టకూటికోసం ఊళ్ళలో పక్కపక్కనే బతకాల్సినవాళ్ళు మిగలరన్నది ఆయన భయం. ఆ భయం నిజమైనదే. అయినా అది తప్పే.

గంట గడువు కబురు వచ్చింది ఈ పరిస్థితిలోనే. మండల్‌ను పంపడంలో జిన్నా ఎత్తుగడ అందరికీ అర్థమైంది. హిందువులందరికీ తానే ప్రతినిధినని కాంగ్రెస్ అంటుంటే, ఇదిగో వీళ్ళకు కాదని లీగ్ చూపించింది. కాంగ్రెస్ వైపున జగ్జీవన్ రామ్ కార్మిక శాఖ చూస్తున్నారు. లీగ్ వైపున మండల్‌కు న్యాయశాఖ వచ్చింది. ఆ ప్రభుత్వంలో జరిగిన కీచులాటలు వేరే భాగంలో చెప్పుకున్నాం.

1947 జూన్ 3న విభజన ప్రకటన వెలువడింది. ముస్లిం లీగ్ పాకిస్తాన్ అడగడం ఒక బేరపు పావు అనే తాను ఎప్పుడూ అనుకున్నానని, దేశం చీలిస్తే మత సమస్య తీరకపోగా ముదురుతుందని తన అభిప్రాయమని మండల్ తర్వాత రాశారు. బెంగాల్‌ను చీల్చవద్దన్నది ఆయన గట్టి కోరిక. కారణం పటం చూస్తే తెలుస్తుంది. నమశూద్రుల జిల్లాలు బారిసాల్, ఫరీద్‌పూర్, ఖుల్నా, జెసోర్. గీత ఎలా గీసినా వాళ్ళలో ఎక్కువమంది అవతల పడతారు. చదువూ డబ్బూ ఉన్న అగ్రవర్ణాలవాళ్ళు కలకత్తాకు వెళ్ళిపోగలరు. బురద నేలను తప్ప మరో ఆస్తి ఎరగనివాళ్ళు ఎక్కడికి పోతారు? ఎలాగూ అక్కడ ఉండక తప్పదు కాబట్టి ఆ దేశంలో తమకో చోటు సంపాదించాలని ఆయన తేల్చుకున్నారు. జులైలో సిల్హెట్ జిల్లా ఏ వైపు పోవాలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, అక్కడికి వెళ్ళి షెడ్యూల్డ్ కులాలవాళ్ళను పాకిస్తాన్ వైపు ఓటేయమని ప్రచారం చేశారు. తూర్పు బెంగాల్‌కు 2,39,619 ఓట్లు, అస్సాంకు 1,84,041 ఓట్లు వచ్చాయి.

కరాచీలో 1947 ఆగస్టు 10న పాకిస్తాన్ రాజ్యాంగ సభ మొదటిసారి కొలువుతీరింది. లియాఖత్ ప్రతిపాదిస్తే సభ తన తాత్కాలిక అధ్యక్షుడిగా మండల్‌ను ఎన్నుకుంది. ముస్లింల కోసం పుట్టబోతున్న దేశపు చట్టసభలో మొట్టమొదట అధ్యక్షపీఠం మీద కూర్చున్నది చండాలుడని పిలిపించుకున్న కులపు బిడ్డ. మర్నాడు జిన్నా శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మండల్ లేచి పీఠం అప్పగించారు. జిన్నా ఆ రోజు చేసిన ప్రసంగం గురించి ఇప్పటికీ వాదనలు జరుగుతున్నాయి. మీ గుళ్ళకు మీరు వెళ్ళండి, మసీదులకు మీరు వెళ్ళండి, మీ మతంతో రాజ్యానికి పనిలేదని ఆయన సభకు చెప్పారు. కులాల మాట, అంటరానితనం మాట కూడా రాజ్య వ్యవహారంలో ఉండదని అర్థం వచ్చేలా మాట్లాడారు. పక్కన కూర్చుని వింటున్న మండల్‌కు తన లెక్క సరిపోయిందని ఆ పూట అనిపించి ఉంటే ఆయన్ని ఎవరు తప్పు పట్టగలరు? న్యాయ, కార్మిక శాఖలు ఆయనకిచ్చారు.

లండన్ నుంచి తంతి పంపిన నాయకుడికి మాత్రం ఆ నమ్మకం నాలుగు నెలలు కూడా నిలవలేదు. 1947 నవంబరు చివర్లో అంబేడ్కర్ ఒక ప్రకటన చేశారు. మన తెలుగువాళ్ళు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఆయన అందులో రెండు చోట్ల ఉన్న షెడ్యూల్డ్ కులాలవాళ్ళను కలిపి ఉద్దేశించారు: పాకిస్తాన్‌లో ఉన్నవాళ్ళు, హైదరాబాద్ సంస్థానంలో ఉన్నవాళ్ళు. అగ్రవర్ణ హిందువుల మీద కోపం ఉన్నంత మాత్రాన ముస్లిం లీగ్‌ను మిత్రుడనుకోవద్దని, పాకిస్తాన్‌లో చిక్కుకున్నవాళ్ళు వీలైన దారిన భారత్ వచ్చేయమని, హైదరాబాద్‌లో నిజాం పక్షాన నిలిచి చెడ్డపేరు తెచ్చుకోవద్దని చెప్పారు.

బారిసాల్ లెక్కనే హైదరాబాద్‌లోనూ వేసినవాళ్ళున్నారు మరి. బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రభుత్వం చేత నిమ్నజాతుల చదువుకు కోటి రూపాయల నిధి పెట్టించారు. నిజాం ప్రధాని లాయఖ్ అలీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. బి. శ్యామ్‌సుందర్ 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన నిజాం ప్రతినిధి బృందంలో ఉన్నారు. ఆ రోజుల్లో వీళ్ళతోపాటు పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి నగరంలోని దళిత నాయకుల ఆశలూ గొడవలూ తన పుస్తకంలో రాసిపెట్టారు. వెట్టి చేయించే దొర హిందువైనప్పుడు, కాసిని డబ్బులూ కాస్త గౌరవమూ నవాబు ఇచ్చినప్పుడు, వాళ్ళు అటు మొగ్గడాన్ని ఈ రోజు కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. హైదరాబాద్‌లో ఆ అధ్యాయం సెప్టెంబరులోనే ముగిసింది. ఆ నెల 11న జిన్నా కన్నుమూశారు, 13న భారత సైన్యం సంస్థానంలోకి కదిలింది. కరాచీలో మండల్‌కు ఇంకా రెండేళ్ళు మిగిలాయి.

ఆ కరాచీలో పారిశుధ్య పనివాళ్ళ గతి ఏమిటో శ్రీప్రకాశ రాశారు. ఆయన పాకిస్తాన్‌లో మన మొదటి హైకమిషనర్. తర్వాత మద్రాసు గవర్నరుగా మనవాళ్ళకూ తెలిసిన మనిషి. హిందువులంతా ఓడలెక్కి వెళ్ళిపోతుంటే, వీధులూ మరుగుదొడ్లూ ఊడ్చే దళితుల్ని మాత్రం సింధ్ ప్రభుత్వం అత్యవసర సేవల పేరుతో కదలనివ్వలేదు. శ్రీప్రకాశ లియాఖత్‌ను అడిగితే, వాళ్ళు పోతే కరాచీ ఎవరు శుభ్రం చేస్తారని ఎదురు ప్రశ్న వచ్చిందట. వాళ్ళను వదలమని అడగండంటూ అంబేడ్కర్ నెహ్రూకు ఉత్తరం రాశారు. కార్మిక మంత్రి అప్పుడు మండలే.

ఆయన చేతగానివాడేం కాదు. అక్కడ ఆయన రాయికి బరువు పోయింది. అవిభక్త బెంగాల్ సభలో నాలుగు ఓట్లు ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టగలిగాయి. కరాచీ సభలో లీగ్‌కు ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఢాకా సభలోనూ అంతే. అగ్రవర్ణ హిందువు ఎదురుగా బలంగా ఉన్నంతకాలం మండల్ విలువైనవాడు. విభజనతో ఆ ఎదుటి పక్షం కలకత్తాకు వెళ్ళిపోయింది, దాంతోపాటే మండల్ అవసరమూ పోయింది. ఆయన వేసిన లెక్కలో ఈ ఒక్క అంకె తప్పింది. తూర్పు బెంగాల్ మంత్రివర్గంలో ఇద్దరు షెడ్యూల్డ్ కులాలవాళ్ళను తీసుకోమని ఆయన నజీముద్దీన్‌నూ, తర్వాత అక్కడి ప్రధాని అయిన నూరుల్ అమీన్‌నూ అడుగుతూనే ఉన్నారు. వాళ్ళు సరేనంటూనే ఉన్నారు. 1943లో ఒక్క మాటకు ముగ్గురు మంత్రుల్ని ఇచ్చింది ఈ నజీముద్దీనేనని మరచిపోకూడదు.

1949 మార్చిలో లక్ష్యాల తీర్మానం వచ్చింది. సర్వాధికారం అల్లాదేనని, రాజ్యాంగం ఇస్లాం సూత్రాల వెలుగులో ఉంటుందని అది చెప్పింది. తూర్పు బెంగాల్ కాంగ్రెస్ సభ్యులు, ముఖ్యంగా శ్రీశ్‌చంద్ర చటోపాధ్యాయ, సభలో గట్టిగా ఎదిరించారు. నెగ్గలేదు. న్యాయమంత్రి ఉన్న దేశానికి రాజ్యాంగం ఇంకా లేదు. అది 1956 దాకా రాలేదు.

ఊళ్ళలో జరుగుతున్నవి ఇంతకంటే ఘోరం. గోపాల్‌గంజ్ దగ్గర దిఘర్‌కుల్ అనే చోట నీళ్ళలో వల వేసే దగ్గర ఒక ముస్లిం జాలరికీ నమశూద్రుడికీ మాటామాటా పెరిగింది. ఏటి ఒడ్డున ఏనాటినుంచో జరిగే తగువే అది. ఈసారి దానికి సాయుధ పోలీసులు వచ్చారు, ఊళ్ళకు ఊళ్ళు దోపిడీ అయ్యాయి. 1949 డిసెంబరు 20 రాత్రి ఖుల్నా జిల్లా కాల్‌శిరాలో కమ్యూనిస్టుల కోసమని నలుగురు కానిస్టేబుళ్ళు ఒక ఇంట్లో చొరబడి, ఆ ఇంటి ఇల్లాలి మీద చెయ్యి వేశారు. కేకలు విని జనం వచ్చారు. ఆ కొట్లాటలో ఒక కానిస్టేబులు చనిపోయాడు. తర్వాత బలగాలు దిగాయి. ఫిబ్రవరి 28న మండల్ అక్కడికి వెళ్ళి చూశారు. 350 ఇళ్ళలో మూడు తప్ప అన్నీ నేలమట్టమయ్యాయని రాశారు. అవి నమశూద్రుల ఇళ్ళు. వాళ్ళ ఓట్ల మీదే ఆయన కరాచీ దాకా వెళ్ళారు.

ఆ ఫిబ్రవరి 10న ఢాకాలో, 13న బారిసాల్‌లో హింస రాజుకుంది. పుట్టిన జిల్లాలో, ప్లీడరుగా తిరిగిన వీధుల్లో కూడా చంపారని, తగలబెట్టారని ఆయన విన్నారు, చూశారు. కేంద్రమంత్రి హోదాలో రైలూ స్టీమరూ ఎక్కి ఊరూరా తిరిగారు. ఏం చెయ్యగలిగారు? ఏమీ చెయ్యలేకపోయారు. ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ ఢిల్లీలో మైనారిటీల రక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాన్ని నిరసిస్తూ నెహ్రూ మంత్రివర్గం నుంచి శ్యామాప్రసాద్ ముఖర్జీ, కె.సి. నియోగి తప్పుకున్నారు. మండల్ ఆరునెలలు ఆగి చూశారు.

1950 అక్టోబరు 8న, కలకత్తాలో ఉండి, లియాఖత్‌కు రాజీనామా లేఖ రాశారు. నేను ఇప్పటిదాకా చెప్పిన షరతులు, గంట గడువు, తంతి, దిఘర్‌కుల్ వల, కాల్‌శిరా ఇళ్ళు – అన్నీ ఆ లేఖలో ఉన్నాయి. అది ఒక మంత్రి రాజీనామా పత్రంలా ఉండదు. దావా వేసిన ప్లీడరు తేదీలూ ఊళ్ళ పేర్లూ వరుసపెట్టి కోర్టు ముందుంచినట్టు ఉంటుంది. 1950 హింసలో తూర్పు బెంగాల్‌లో పదివేల మంది దాకా చనిపోయారని తన అంచనా ఇచ్చారు. పాకిస్తాన్‌లో హిందువులకు చోటు లేదని తేల్చారు. దాన్ని చదువుతుంటే నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన కోపం కాదు. తన తప్పును ఎక్కడా దాచుకోకుండా, లీగ్‌ను ఎందుకు నమ్మానో, ఎవరెవర్ని ఒప్పించానో మొదటినుంచీ చెప్పుకురావడం. తన వాదనను తానే ఓడించుకుంటున్న ప్లీడరు ఆ కాగితంలో కనిపిస్తారు. కరాచీ సభలో లియాఖత్ ఆయన్ని అబద్ధాలకోరని, ద్రోహి అని తిట్టిపోశారు. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 16న లియాఖత్ రావల్పిండిలో హంతకుడి తుపాకీకి బలయ్యారు. దానికి కొద్ది రోజుల ముందే ఢిల్లీలో అంబేడ్కర్ కూడా హిందూ కోడ్ బిల్లు, షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం మొదలైన కారణాలు వివరిస్తూ సుదీర్ఘమైన ప్రకటనతో నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. ఉపఖండంలో రెండు దేశాల తొలి న్యాయమంత్రులూ ఏడాది తేడాలో ఒకే నెలలో లోకానికి తమ గోడు చెప్పుకుని ఇంటికి వెళ్ళారు.

మండల్‌కు ఇల్లు మాత్రం అవతల ఉండిపోయింది. కలకత్తా భద్రలోకం ఆయన్ని లీగ్ మంత్రిగానే గుర్తుంచుకుంది. జోగేన్ అలీ మొల్లా అని వెక్కిరించేవారు. శియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీదా కాందిశీకుల శిబిరాల్లోనూ కొత్తగా వచ్చి పడుతున్న నమశూద్రుల మధ్యనే ఆయనకు చోటు దొరికింది. ముందొచ్చిన పైకులాలవాళ్ళు కలకత్తా శివార్లలో కాలనీలు కట్టుకున్నారు. వెనక వచ్చిన ఈ పేదల్ని ప్రభుత్వం 1958లో పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్, కోరాపుట్ అడవులకు పంపడం మొదలుపెట్టింది. నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళను ఎర్రమట్టి గుట్టల మీదికి తోలొద్దని, బెంగాల్‌లోనే భూమి ఇమ్మని మండల్ ఉద్యమాల్లో నిలబడ్డారు. సర్కారు వినలేదు. మన సీలేరు దాటి అవతలి ఒడ్డెక్కితే ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. అక్కడ బెంగాలీ మాట్లాడే ఊళ్ళకు పేర్లుండవు, నంబర్లుంటాయి – ఎం.వి. 79 అన్నట్టుగా. మల్కన్‌గిరి విలేజ్ అన్నమాట. కాందిశీకుల్ని దింపిన వరుసలో వేసిన ఆ నంబర్లే ఊరిపేర్లయి నిలిచిపోయాయి. మోటు సంతలో, కలిమెల సంతలో వాళ్ళతో చేపలూ కూరగాయలూ బేరమాడే మన తెలుగువాళ్ళకు ఈ కథ తోబుట్టువు కథలాంటిది.

మండల్ ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. ఎన్నికల్లో మళ్ళీమళ్ళీ నిలబడ్డారు, ఒక్కసారీ గెలవలేదు. ఒకప్పుడు జనరల్ స్థానంలో దత్తాల ఇంటి మనిషిని ఓడించిన వ్యక్తికి పశ్చిమ బెంగాల్‌లో ఏ సభలోనూ కుర్చీ దక్కలేదు. ఆయన్ని మహాప్రాణ్ అని పిలుచుకునే జనం మాత్రం ఉన్నారు. ఆయన కొడుకు జగదీశ్‌చంద్ర మండల్ ఆ పేరుతోనే తండ్రి జీవితాన్ని సంపుటాలుగా కూర్చారు. దేబేశ్ రాయ్ ఆయన్ని నాయకుడిగా పెట్టి పెద్ద నవల రాశారు.

1968 అక్టోబరు 5న, రాజీనామా లేఖకు పద్ధెనిమిదేళ్ళు నిండడానికి మూడు రోజుల ముందు, జోగేంద్రనాథ్ మండల్ బొనగావ్‌లో కన్నుమూశారు. ఇచ్ఛామతి ఒడ్డున సరిహద్దు పట్టణం అది. అక్కణ్ణుంచి జెసోర్ రోడ్డు పట్టుకుని కాస్త ముందుకెళితే పెట్రాపోల్ చెక్‌పోస్టు, దాని అవతల ఆయన విడిచి వచ్చిన దేశం. బొనగావ్‌కు దగ్గర్లోనే ఠాకూర్‌నగర్ ఉంది. గురుచాంద్ మనవడు, మండల్‌కు జీవితాంతం రాజకీయ ప్రత్యర్థి అయిన ప్రమథరంజన్ ఠాకూర్ కాంగ్రెస్‌ను నమ్ముకుని, విభజన కాగానే ఇటు వచ్చి, మతువాల కోసం నిలిపిన ఊరు. ఆయన వేసిన లెక్క వేరు. అది వచ్చే భాగంలో.